క్యూ కొనబోతున్న మా పిల్లలకు

విజయనగరం

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

మీరు పూల్ ఆటకు, అదే బల్ల మీద బంతులను కొట్టి గుంటల్లో వేసే ఆటకు, సొంత క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, కొనుక్కోవాలనుకుంటున్నారనీ, వెయ్యి రూపాయల దానికీ ఆరు వేల దానికీ ముప్పై వేల దానికీ తేడా ఏమిటో తేలక ఆగిపోయారనీ మీ అమ్మ చెప్పింది. తొందరపడకుండా అడిగినందుకు సంతోషం. నా లెక్కలో మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కడానికి పెట్టే డబ్బు చాలావరకు ఆటకు పనికొస్తుంది. ఆ పైన పెట్టేదాంట్లో ఎక్కువ భాగం అందానికీ పేరుకూ పోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొన్న మొదటి క్యూ పిడి మీద నల్లని కోణాలు, తెల్లని చుక్కలు పొదిగినట్టు మెరిసేవి. రెండు నెలలకు ఒక కోణం అంచు గోటికి లేచి వచ్చింది. అది పొదిగిన చెక్క కాదు, వార్నిషు కింద అంటించిన కాగితం. ఆ వానాకాలమంతా దాన్ని వసారా గోడకు ఆనించి ఉంచాను. కార్తీకం వచ్చేసరికి విల్లులా వంగిపోయింది. నా అజాగ్రత్త సగం, సరిగా ఆరని చెక్క సగం.

మన బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులో తొలుస్తారని మీకు తెలుసు కదా, ఆ మొద్దులో దోషం ఉంటే పైన ఎంత నగిషీ చెక్కినా లాభం లేదు. క్యూ సంగతీ అంతే. పూల్ క్యూ ముందు భాగాన్ని, అంటే షాఫ్టును, మామూలుగా గట్టి మేపుల్ చెక్కతో చేస్తారు. వెలుతురులో పట్టుకొని చూడండి: చెక్కలోని గీతలు పిడితో బిగించే జాయింటు నుంచి కొస దాకా నిలువుగా సాగితే మంచిది, మధ్యలోనే పక్కకు జారి అంచులో కలిసిపోతే ఆ షాఫ్టు మన సముద్రపు గాలి తేమకు వంగే అవకాశం ఎక్కువ.

తరువాత క్యూను విప్పి, షాఫ్టును మాత్రం బల్ల మీద దొర్లించండి. కొసకు సన్నబడుతుంది కనుక దాని కింద కొంత సందు కనిపించడం సహజమే. దొర్లుతున్నంతసేపూ ఆ సందు ఒకేలా ఉంటే తిన్నగా ఉన్నట్టు, తెరుచుకొని మూసుకుంటూ ఉంటే వంకర ఉన్నట్టు. పిడినీ అలాగే చూసి, ఆ తరువాతే రెండూ బిగించి దొర్లించండి. విడివిడిగా తిన్నగా ఉన్నవి బిగించాక ఊగితే దోషం జాయింటుదే. అటువంటిది ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

పొడవు 58 అంగుళాలు, బరువు 19 ఔన్సులు, అంటే సుమారు 540 గ్రాములు ఉన్నది మీకు చాలు. పూల్ లాంటిదే మరో బల్ల ఆట అయిన స్నూకర్ క్యూను పూల్‌కు కొనకండి. దాని కొస 9 నుంచి 10 మిల్లీమీటర్లే, పూల్ క్యూది 13కు దగ్గరగా ఉంటుంది, పూల్ బంతి కూడా స్నూకర్ బంతి కంటే పెద్దది, బరువైనది.

బంతిని తాకేది క్యూ కొసన అంటించిన తోలు టిప్పు ఒక్కటే. దాని గుండ్రదనం రూపాయి బిళ్ళ అంచు వంపుకు దగ్గరగా ఉండాలి. గాజులా నున్నబడితే జారకుండా దాని మీద రుద్దే చాక్ పొడి నిలవదు, పక్కకు కొట్టినప్పుడు జారిపోతుంది. టిప్పును మార్పించుకోవచ్చు కనుక ఆరు వేల క్యూకు మంచి టిప్పు వేయించుకోవడం, పది వేలు పెట్టి మెరుగులున్న క్యూ కొనడం కంటే మేలని నా గట్టి నమ్మకం.

ఇక ముప్పై వేల క్యూకు ఉండే కార్బన్ షాఫ్టు, అంటే చెక్కకు బదులు కార్బన్ ఫైబరుతో చేసినది. అది తేమకు వంగదు, ఆ గుణం మన ఊరికి నిజంగా పనికొచ్చేదే. బంతిని మధ్యలో కాక పక్కకు కొట్టినప్పుడు అది అనుకున్న దారి నుంచి ఎదుటి వైపుకు కొంత తొలగుతుంది. క్యూ ముందు కొస ఎంత తేలికగా ఉంటే ఆ తొలగింపు అంత తగ్గుతుంది కాబట్టి, అటువంటి షాఫ్టులను చాలావరకు కొస బరువు తగ్గించి చేస్తారు. కాని మీరింకా మధ్యలో కొట్టడమే నేర్చుకుంటున్నారు. పక్కదెబ్బలు చేతికి వచ్చాక దాని గురించి ఆలోచిద్దాం.

మీ అమ్మ పంపిన ఫొటోల్లో నగిషీ లేని ఆ గోధుమరంగు క్యూ గీతలు తిన్నగా కనిపిస్తున్నాయి. ఆదివారం నేను వస్తాను, కొట్లోనే దొర్లించి చూద్దాం. బాగుంటే దానితోపాటు గట్టి పెట్టె ఒకటి కొనండి; గోడకు మాత్రం ఆనించవద్దు.

మీ తాతయ్య