తోలు మీద ఉండే ఆ సన్నని పొర

మంచి తోలు ముక్క దొరికితే ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడండి. ముందుగా కంటికి ఆనేవి రంధ్రాలు. ఒకప్పుడు అక్కడ వెంట్రుకలుండేవి. ఆవు తోలు మీద ఇవి ఇంచుమించు సమాన దూరంలో చల్లినట్టుంటాయి. మేక తోలులో పెద్దవీ చిన్నవీ కలిసి వరసలు కడతాయి. పంది తోలులో మూడేసి చొప్పున గుంపులుగా ఉంటాయి. ఏ జంతువుదో చెప్పేసే ఈ గుర్తులన్నీ గ్రెయిన్ అనే పైపొరలో ఉంటాయి. ఫినిషింగ్ పని, అంటే తోలుకు చివర్లో రంగు, పూత, అచ్చు వేసే పని, ముఖ్యంగా నడిచేది దీని మీదే.

తోలంతా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. గ్రెయిన్‌లో ఆ పోగులు చాలా సన్నగా, దట్టంగా ఉంటాయి. కిందికి వెళ్లేకొద్దీ లావెక్కి, అన్ని దిక్కులా పెనవేసుకుంటాయి. గట్టిగా లాగినా చిరగకుండా ఆపేది ఎక్కువగా ఆ కింది అల్లికే. పైపొర ఇచ్చేది నునుపు, రాపిడికి ఓర్చుకునే గుణం. బలమంతా గ్రెయిన్‌దే అని కొందరు చెబుతుంటారు కానీ అది నిజం కాదు.

పశువు బతికినన్నాళ్లూ ముళ్లు గీసుకుంటాయి, పిడుదులు కరుస్తాయి, కొమ్ముల పోట్లు తగులుతాయి. తోలును ఎంత శుద్ధి చేసినా ఆ మచ్చలు పోవు. ఇక్కడే దారులు చీలతాయి. మచ్చలు తక్కువగా ఉన్న తోలుకు రంగు మాత్రం పట్టించి, పైన ఏమీ లేకుండానో, కనిపించీ కనిపించని పూతతోనో వదిలేస్తారు. దీన్ని అనిలిన్ లెదర్ అంటారు. మచ్చలు ఎక్కువుంటే పైపొరను గరుకు కాగితంతో రుద్ది, పిగ్మెంట్ పూసి, వేడి ప్లేటుతో నొక్కి కొత్త గ్రెయిన్ అచ్చు వేస్తారు.

రంగుకూ (డై) పిగ్మెంట్‌కూ తేడా తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. రంగు నీళ్లలో కరిగి పోగుల్లోకి దిగిపోతుంది. దాని గుండా వెలుతురు లోపలికి వెళ్లి, వేర్వేరు లోతుల నుంచి తిరిగి వస్తుంది. అనిలిన్ తోలు రంగులో కనిపించే ఆ లోతు అందువల్లే. పిగ్మెంట్ కరగదు. అది పొడి రేణువులు. వాటిని తోలుకు అంటిపెట్టుకుని ఉంచడానికి అక్రిలిక్, పాలీయురెథేన్ లాంటి జిగురు పదార్థం కావాలి. గోడ పెయింట్‌లాగే ఇది మచ్చల్ని కప్పేస్తుంది. వాటితోపాటు రంధ్రాలనూ కప్పేస్తుంది. అందుకే పూత మందమయ్యేకొద్దీ తోలు గుండా చెమట ఆవిరి బయటికి వెళ్లడం తగ్గుతుంది.

ఈ పూతను సాధారణంగా ఒకేసారి వేయరు. అడుగున మెత్తని పూత, దాని మీద పిగ్మెంట్ పూత, చివర రాపిడిని తట్టుకునే గట్టి పూత. ఈ క్రమం నాకు చాలా నచ్చుతుంది. బూటు వంగే చోట తోలు వేల సార్లు మడత పడుతుంది. అప్పుడు అడుగు పూత తోలుతోపాటు సాగాలి, పైది గీతల్ని ఆపాలి. పైపూత మరీ బిరుసైతే మడత దగ్గర సన్నగా పగుళ్లిస్తుంది. అడుగు పూత తోలులోకి సరిగా ఇంకకపోతే పొర పొరగానే లేచిపోతుంది. ప్రయోగశాలల్లో తోలు ముక్కను యంత్రంతో అదే పనిగా మడిచి చూస్తారు. పొడిగానూ తడిగానూ ఫెల్ట్ గుడ్డతో రుద్ది రంగు ఎంత ఊడిందో లెక్క కడతారు.

మందానికి ఒక హద్దుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారి 15115 ప్రమాణం ప్రకారం పూత 0.15 మిల్లీమీటర్లు దాటితే దాన్ని ఉత్త 'లెదర్' అనకూడదు. అంటే సుమారు రెండు తల వెంట్రుకల మందం.

ఇంత చెప్పాక పూత ఉన్నదంతా నాసిరకం అనుకోకండి. కారు సీటుకు ఎండ, చెమట, రోజూ రాపిడి తప్పవు. అక్కడ అనిలిన్ తోలు వేస్తే రంగు వెలుస్తుంది, పడిన ప్రతి చుక్కా మరకవుతుంది. పిగ్మెంట్ పూతే సరైనది. నా అభ్యంతరం వేరే చోట. గ్రెయిన్ లేని కింది పొరకు మందంగా ప్లాస్టిక్ పూసి, అచ్చు వేసి, అసలు తోలన్నట్టు అమ్మడం ఒకటి. తోలు తుక్కును జిగురుతో కలిపి షీట్లుగా చేసిన బాండెడ్ లెదర్ ఇంకొకటి. అలాంటి సోఫా ఒకటి మా ఇంట్లో ఉండేది. నాలుగేళ్లకే చేతులు ఆనే చోట పొర రేకులు రేకులుగా ఊడి, లోపలి గుడ్డ బయటపడింది. అసలు తోలు పాతబడితే ముడతలు పడుతుంది, ముదురు రంగు తిరుగుతుంది. సాధారణంగా ఇలా రేకులుగా రాలదు.

కొనేటప్పుడు తోలును గ్రెయిన్ లోపలివైపు వచ్చేలా మడవండి. సన్నని ముడతలు పడి, వదలగానే సర్దుకుంటే పైపొర కింది అల్లికను గట్టిగా పట్టుకుని ఉన్నట్టు. గొట్టాల్లాంటి లావు ముడతలు పడితే ఆ పట్టు సడలినట్టే. పైన ఎంత మెరుపున్నా దాన్ని పక్కన పెట్టేయవచ్చు. గ్రెయిన్ నమూనా జానెడు దూరంలో అచ్చంగా మళ్లీ కనిపిస్తే అది ప్లేటు వేసిన అచ్చు.

ఇంటికి తెచ్చుకున్నాక, ఎవరికీ కనిపించని మూలలో ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ఇంకి ఆ చోటు ముదురు రంగుకు మారితే రంధ్రాలు తెరిచి ఉన్నట్టు, క్రీమ్ రాస్తే లోపలికి వెళ్తుంది. చుక్క పైనే నిలిచి ఉంటే చాలావరకు పూత ఉన్న తోలే. దానికి క్రీములు ఎన్ని రాసినా పొర మీదే ఉండిపోతాయి. తడి గుడ్డతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది.