మావాడు తెలివైనోడేనండి, చదవడంతే!

హాఫియర్లీ మార్కులు ఇళ్లకు చేరిన వారం మా ఇంటి అరుగు మీద చోటు దొరకదు. కోనసీమలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. సిలబస్‌లు మారాయి, కాలేజీలు మారాయి, ఈ వారం మాత్రం మారలేదు. తండ్రి బండికి స్టాండు వేస్తూనే అందుకుంటాడు: "మావాడు తెలివైనోడేనండి మాస్టారూ, చదవడంతే!" తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. పిల్లాడు తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడతాడు. పదిలో 600కి 540 దాటినవాడు ఇంటర్ లెక్కల్లో పాసు మార్కు దగ్గర కొట్టుమిట్టాడుతుంటే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తండ్రి అన్న చిన్న మాటలోనే మూడు నాలుగు అపోహలు చిక్కుపడి ఉన్నాయి.

అపోహ: మార్కులు తగ్గాయంటే బద్ధకం పెరిగినట్టే

వాస్తవం: డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. శివారు చేలకి నీరందకపోతే చేనుని ఎవరూ తిట్టరు. కాలవ గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. ఏ తూము దగ్గరో గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది, లేదంటే ఎక్కడో గండి పడి ఉంటుంది. పిల్లాడి మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఆ నడక ఎవరూ నడవరు, నేరుగా చేను మీద పడతారు.

అందుకే నేను ప్రోగ్రెస్ రిపోర్టు చూడను, దిద్దిన జవాబు పేపరు తెమ్మంటాను. పోయిన ప్రతి మార్కు పక్కనా పిల్లాడి చేతే ఒక అక్షరం రాయిస్తాను. తెలియక పోతే 'తె'. తెలిసీ పొరపాటు చేస్తే 'పొ'. టైము చాలక వదిలేస్తే 'టై'.

2022లో ఒక లంక కుర్రాడు ఇలాగే వచ్చాడు. అప్పటి లెక్కల పేపరు 75 మార్కులకి, వాడికొచ్చినవి 29. పోయిన 46 మార్కుల్నీ ఇద్దరం కూర్చుని లెక్కేశాం. 'తె' 14, 'పొ' 13, 'టై' 19. అంటే వాడికి నిజంగా రానిది 14 మార్కుల పాఠమే. 19 మార్కులు ఎందుకు పోయాయంటే, పేపరందగానే ఏడు మార్కుల మాత్రికల లెక్క ఎత్తుకుని, అది తెగక నలభై నిమిషాలు దాంతోనే కుస్తీ పట్టాడు. చివర్లో చకచకా రాసేయాల్సిన రెండు మార్కుల ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. ఇది బద్ధకమా? ఇంకాస్త బద్ధకస్తుడైతే ఆ లెక్క వదిలేసి బాగుపడేవాడు.

ఆ 14 సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి గోదారి వచ్చింది. లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. కాలేజీలో కొత్త చదువు మొదలైన రోజుల్లోనే వీడికి రెండు వారాలకు పైగా పాఠాలు పోయాయి. తర్వాత చెప్పిందంతా ఆ పోయిన పాఠం మీదే నిలబడేది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు. వరద తీసింది కదా, పిల్లాడు కాలేజీకి వెళ్తున్నాడు కదా అనుకున్నారు.

లెక్కల్లో ఇది మరీ ఎక్కువ. "ఇంటిగ్రేషన్ అర్థం కావట్లేదు సార్" అని వచ్చేవాళ్లలో చాలామందికి రానిది ఇంటిగ్రేషన్ కాదు, త్రికోణమితి సూత్రాలు. అవెందుకు నిలవలేదని తవ్వితే బీజగణితం. ఇంకా తవ్వితే భిన్నాలు. 1/2కి 1/3 కలిపితే ఎంతరా అంటే 2/5 అని రాసే సీనియర్ ఇంటర్ పిల్లలు ఏటా కనిపిస్తారు. వాళ్లని వెక్కిరించను. ఏడో తరగతి పుస్తకం ఇచ్చి పది రోజులు దాంట్లో లెక్కలే చేయమంటాను. సిగ్గుపడతారు, అందుకని దానికి అట్ట వేసి ఇస్తాను.

ఇక నా తప్పొకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయిని పక్కపిల్ల నోట్సు చూసి రాస్తోందని రెండు నెలలు తిట్టాను. ఆ పిల్లకి బోర్డు కనపడటం లేదు. కళ్లజోడు పెట్టుకుంటే పెళ్లి సంబంధాలు రావని ఇంట్లో ఎవరో అన్నారట, అందుకని నోరు మెదపలేదు. అప్పటినుంచి మార్కులు ఉన్నట్టుండి పడిపోయిన ఏ పిల్లనైనా ముందు కళ్లు చూపించుకోమంటాను, ఆడపిల్లలైతే రక్తం కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. మధ్యాహ్నం మూడో పీరియడ్‌కే తల వాల్చేసే పిల్లకి కావలసింది క్రమశిక్షణో, ఐరన్ మాత్రలో పీహెచ్‌సీలో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

అపోహ: పదిలో ఫస్టు వచ్చినవాడు ఇంటర్లో తగ్గాడంటే తెలివి తగ్గింది

వాస్తవం: తెలివి ఎక్కడికీ పోలేదు, చెరువు మారింది. ఊరి హైస్కూల్లో వీడు ఫస్టు. భీమవరంలోనో విజయవాడలోనో హాస్టల్లో చేరాక సెక్షన్ మొత్తం ఎవరి ఊళ్లో వాళ్లు ఫస్టు వచ్చినవాళ్లే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు అననే అన్నారు. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో దీన్నే లెక్కలు కట్టి చూపించాడు. ఒకే స్థాయి తెలివున్న ఇద్దరిలో, గట్టి పిల్లలున్న బడిలో చదివేవాడికి తన మీద తనకు నమ్మకం తక్కువగా ఉంటుందట. చిన్న చెరువులో పెద్ద చేప అని పేరు పెట్టాడు. రొయ్యల చెరువుల మధ్య బతికే మనకి ఇంతకన్నా బాగా అర్థమయ్యే పేరుందా?

దీనికి తోడు భాష. తెలుగులో 'లంబకోణ త్రిభుజం' అని నేర్చుకున్నవాడు ఒక్క వేసవి దాటేసరికి అదే సంగతి ఇంగ్లీషులో వినాలి, ఇంగ్లీషులో రాయాలి. వాడికి లెక్క వచ్చు, ప్రశ్న ఏమడిగిందో తెలియదు. ఇలాంటి పిల్లల చేత ఒక చిన్న నోటుబుక్కు పెట్టిస్తాను. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట. మూడు నాలుగు వందల మాటలు పట్టుబడితే చాలా ప్రశ్నల తాళం తెరుచుకుంటుంది.

అపోహ: ముందు ఆసక్తి రావాలి, తర్వాత చదువు వస్తుంది

వాస్తవం: పిల్లలు నాతో ఎక్కువగా అనే మాట ఇదే. "ఇంటరెస్ట్ రావట్లేదు సార్, వచ్చాక మొదలుపెడతాను." ఆసక్తి ఆర్టీసీ బస్సు కాదు, స్టాపులో నిలబడితే వచ్చి ఆగడానికి.

మా చిన్నప్పుడు చేలో ఆయిలింజను ఉండేది. పొద్దున్నే మా నాన్న దానికి హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు. మొదటి నాలుగు తిప్పులకీ చెయ్యి పడిపోయేది. ఒక్కసారి అందుకుందంటే ఇక దాని మానాన అది ఆడేది. చదువూ అంతే. మానసిక వైద్యులు డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి చేసే చికిత్సల్లో కూడా ఒకటి ఇలాగే ఉంటుంది. మనసు బాగుపడే దాకా ఆగమనరు. ముందు చిన్న చిన్న పనులు రోజువారీగా చేయిస్తారు, మనసు వెనకాలే వస్తుంది.

కాబట్టి మొదటి పని చాలా చిన్నదిగా ఉండాలి, నవ్వొచ్చేంత చిన్నది. నేను ఇచ్చేది ఇదీ: పుస్తకంలో చేసి ఉన్న లెక్క ఒకటి తీసుకో. ఒకసారి చదువు. జవాబు మీద అరచెయ్యి పెట్టి మూసేసి, నువ్వు చెయ్యి. ఆగిపోతే చెయ్యి కాస్త కిందికి జరిపి ఒక్క గీత చూసి మళ్లీ మూసెయ్యి. పది నిమిషాలు, ఒక్క లెక్క. అయ్యాక లేచిపోవచ్చు. నూటికి డెబ్భై మంది లేవరని చెప్పాలనుంది గానీ నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. లేచిపోయినా నష్టం లేదు, రేపు మళ్లీ పది నిమిషాలుంటాయి.

ఇంకో కిటుకు. "రేపటినుంచి బాగా చదువుతాను" అనేది నిర్ణయం కాదు, మొక్కు. "సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే వెనక వసారాలో కూర్చుని ఒక లెక్క చేస్తాను" అనేది నిర్ణయం. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో చేసిన పరిశోధనల్లో తేలింది. వసారా అనడానికి కారణముంది. ముందు గదిలో టీవీ ఉంటుంది.

యూట్యూబులో ఉత్సాహపరిచే ప్రసంగాల గురించి కూడా అడుగుతారు. అరగంట వింటే ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. ఆ సాయంత్రంలో అరగంట తగ్గిపోతుంది, అది కూడా కాదనలేం.

అపోహ: తెల్లార్లూ మేలుకుని పదిసార్లు చదివితే ఎందుకు రాదు

వాస్తవం: వచ్చినట్టే ఉంటుంది, తెల్లారాక పోతుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకి 56.

మనవాళ్లు మోసపోయేది ఆ ఐదు నిమిషాల దగ్గరే. పసుపురంగు పెన్నుతో గీతలు గీస్తూ మూడోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. ముఖం చూసి గుర్తుపట్టడం వేరు, పేరు పెట్టి పిలవడం వేరు. పరీక్షలో పేరు పెట్టి పిలవాలి. అందుకని ప్రతి పాఠం అయ్యాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. రేపొకసారి, మూడు రోజులకొకసారి, వారానికొకసారి. మొదటిసారి కాగితం సగం ఖాళీగా ఉంటే భయపడొద్దు. ఆ ఖాళీయే రేపు ఏం చదవాలో చెబుతుంది.

నిద్ర సంగతి. 13–18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. పగలు విన్న పాఠం తలలో కుదురుకునేది నిద్రలోనే. హాస్టళ్లలో రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్లు పెట్టి తెల్లవారుజామున నాలుగున్నరకి గంట కొట్టేవాళ్లు ఈ లెక్క ఎలా సరిచేస్తారో నాకు అంతుపట్టదు.

అపోహ: నలుగురిలో నాలుగు మాటలంటే పౌరుషం వస్తుంది

వాస్తవం: రాదు. పిన్నిగారబ్బాయితో పోలిస్తే పిన్నిగారబ్బాయి మీద కోపం వస్తుంది, లెక్కలు రావు. దానికన్నా పెద్ద నష్టం, తర్వాత పేపరు దాచేస్తాడు. పేపరు కనపడకపోతే గండి ఎక్కడుందో వెతకడం నావల్ల కూడా కాదు.

అపోహ: ఫోను లాక్కుంటే సరి

వాస్తవం: సగం సరి. చదివే ఆ గంటా ఫోను వేరే గదిలో ఉండాల్సిందే, పిల్లాడిదే కాదు, పక్కన కూర్చున్న నాన్నది కూడా. కానీ చదువు బాగులేక ఫోనులో దూరినవాడూ ఉంటాడు. వాడి దగ్గర ఫోను తీసేస్తే కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తాడు.

అపోహ: ఒక్కసారి తప్పితే జీవితం పోయింది

వాస్తవం: మార్చిలో తప్పినవాడికి వేసవిలోనే సప్లిమెంటరీ ఉంటుంది. అందులో గట్టెక్కితే అదే ఏడాది డిగ్రీలో చేరొచ్చు, చాలామంది చేరారు కూడా. మార్కుల్లో అనుమానముంటే రీకౌంటింగుకి పెట్టుకోవచ్చు.

ఈ అపోహ దగ్గర నేను వేళాకోళం ఆడను. తిండి తగ్గించేసిన పిల్ల, ఇష్టమైన క్రికెట్ కూడా మానేసిన పిల్లాడు, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట ఒక్కసారైనా అన్నవాళ్లు, తన వస్తువులు పంచిపెట్టేస్తున్నవాళ్లు కనిపిస్తే మార్కుల మాట పక్కన పెట్టేయండి. ఆ పిల్లని ఒంటరిగా వదలకండి, సూటిగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు కాస్త దిగుతుంది. 14416 టెలీ మానస్ నంబరు. ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళకైనా పలుకుతారు. పిల్లలే చేయక్కర్లేదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

ఫలితాలొచ్చే రోజు నేను ఊరు దాటి వెళ్లను. ఫోను ఛార్జింగులోనే ఉంటుంది. ఫోన్ చేసిన పిల్లల్ని ముందు మార్కులడగను, అన్నం తిన్నావా అని అడుగుతాను. తినలేదంటే తిని మళ్లీ చేయమంటాను. రెండోసారి చేసినప్పుడు సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరు తేదీ చెప్పి, రేపు పొద్దున్న తెల్లకాగితాలు పట్టుకుని అరుగు మీదికి రమ్మంటాను.