ఆర్టికల్‌షిప్‌లో మెంటర్: అపోహలు - వాస్తవాలు

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, ఆర్టికల్‌షిప్‌కి, అంటే ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర చేసే శిక్షణకి, ఫర్మ్ వెతుక్కుంటున్న పిల్లలు మా ఆఫీసుకి వచ్చినప్పుడు తరచూ అడిగే మాట: "సార్, మంచి మెంటర్ దొరకాలంటే ఏం చేయాలి?" 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్లు కాస్తా రెండేళ్లయింది. నేర్చుకోవాల్సింది మాత్రం తగ్గలేదు. అందుకే ఈ విషయం మొదటి నెలల్లోనే తేల్చుకోవాలి.

అపోహ: పేరున్న పార్ట్‌నరో, కంపెనీ సీఎఫ్ఓనో అయితేనే మెంటర్.

మీ వర్కింగ్స్ (లెక్కలు వేసిన కాగితాలు) పేజీ పేజీ చదివి తప్పులు చూపించే మనిషే మీ మెంటర్. చాలాసార్లు ఆ మనిషి మీ పక్క సీట్లోని సీనియర్ ఆర్టికలే (మీలాగే శిక్షణలో ఉన్నవాడే), లేదా నిరుడు క్వాలిఫై అయిన అక్కే.

ఒక ఉదాహరణ చెప్తాను. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా డబ్బు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాదికి ఒప్పుకోని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి వర్తించింది. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి దాని మీద ఒక షీట్ తయారుచేసింది. ఉద్యమ్ సర్టిఫికెట్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) ఉన్న సప్లయర్లందరినీ తీసుకుని, 45 రోజులు దాటినా మార్చి 31కి చెల్లించని బిల్లులన్నీ కూడేసింది. చూడ్డానికి షీట్ నీట్‌గా ఉంది. సీనియర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "వీళ్లలో మీడియం ఎంటర్‌ప్రైజెస్ ఉన్నాయేమో చూశావా? ఈ సెక్షన్ మైక్రో, స్మాల్‌కే కదా. ట్రేడర్లెవరో విడదీశావా? రాతపూర్వక ఒప్పందం ఉందా? లేకపోతే గడువు పదిహేను రోజులేనమ్మా, నలభై ఐదు కాదు." ఆ అమ్మాయి పర్చేజ్ ఆర్డర్లు తెప్పించుకుని షీట్ మొత్తం మళ్లీ చేసింది. కొన్ని పేర్లు ఎగిరిపోయాయి, కొన్ని బిల్లులు కొత్తగా వచ్చి చేరాయి. ఆ పక్కన కూర్చోవడం ఎంత విలువైనదో నేను ఎంత చెప్పినా తక్కువే.

అపోహ: ప్రిన్సిపాల్ (మీకు శిక్షణ ఇచ్చే సీఏ) అన్నీ దగ్గరుండి నేర్పిస్తారు.

పదేళ్లు పైబడి ప్రాక్టీసులో ఉన్న సీఏ పదిమంది దాకా ఆర్టికల్స్‌ని తీసుకోవచ్చు. ప్రతి ఒక్కరి పక్కనా కూర్చోవడం ఎవరి తరమూ కాదు. మామూలుగా సెప్టెంబర్ 30తో ముగిసే టాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడితే ఆఫీసులో ఎవరికీ ఊపిరాడదు. శిక్షణ ఇవ్వడం ప్రిన్సిపాల్ బాధ్యతే, అందులో మరో మాట లేదు. అయినా అడిగి చెప్పించుకోవాల్సింది మీరే. సందేహాలు నోట్స్‌లో రాసి పెట్టుకోండి. కాస్త ఖాళీ దొరికినప్పుడు, ముందు మీకు అర్థమైనది చెప్పి, ఎక్కడ ఆగిపోయారో చూపించండి. "సార్, ఇది ఎలా చేయాలి?" అనేదానికన్నా "సార్, ఇక్కడిదాకా చేశాను, ఈ సెక్షన్‌లోని ప్రొవైజో (షరతు) దగ్గర ఆగిపోయాను" అనే మాటకు ఏ సీనియరైనా ఆగి సమాధానం చెప్తాడు.

లింక్డ్‌ఇన్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లకి "నాకు మెంటర్‌గా ఉంటారా?" అని పెట్టే మెసేజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క స్పష్టమైన ప్రశ్న అడగండి. జవాబు వచ్చాక దాన్ని ఎలా వాడారో నాలుగు రోజులకి తిరిగి రాయండి. పరిచయం అలా ముదురుతుంది.

అపోహ: పెద్ద ఫర్మ్‌లోనే మంచి మెంటర్లుంటారు.

పెద్ద చోట శాంప్లింగ్ (పరీక్షించాల్సిన ఎంట్రీలు ఎంచుకోవడం), డాక్యుమెంటేషన్ పద్ధతిగా వస్తాయి. చిన్న ఫర్మ్‌లో జీఎస్టీ నోటీసుకి జవాబు రాయడం నుంచి ఆఫీసర్ ముందు హాజరవడం దాకా ప్రిన్సిపాల్ వెంటే ఉండొచ్చు. చేరేముందు అక్కడ పనిచేస్తున్న ఆర్టికల్‌ని ఒకటే అడగండి: "మీ ఫైల్స్ ఎవరు రివ్యూ చేస్తారు?" వెంటనే ఒక పేరు వినిపిస్తే నిశ్చింతగా చేరండి.

అపోహ: ఫీజు కడితే మెంటర్ దొరుకుతాడు.

ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఫైనాన్స్ కెరీర్ అని ఆశపడిన పిల్లలు "మెంటర్‌షిప్" పేరుతో నడిచే ఆప్షన్స్ ట్రేడింగ్ గ్రూపుల్లో ఇంట్లోవాళ్ల డబ్బు పోస్తున్నారు. 2024 సెప్టెంబర్‌లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరి సగటు నష్టం దాదాపు రెండు లక్షలు. పాఠాలు మాత్రమే చెప్పేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ తేల్చి చెప్పింది. లైవ్ చార్ట్ పెట్టి "ఇది కొను" అనేవాడు టీచర్ కాదు. అతని సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

అపోహ: మెంటర్ చెప్పిందే వేదం.

"పోయినేడాది ఫైల్లోది కాపీ చేసెయ్" అని ఎవరైనా అంటే ఆగండి. ఆ ఆడిట్‌తో ఇంతకుముందు సంబంధం లేని అనుభవజ్ఞుడు చదివినా, ఏ పని చేశారో, ఏ ఆధారం చూశారో అర్థమయ్యేలా ఫైల్ ఉండాలని ఆడిట్ డాక్యుమెంటేషన్ స్టాండర్డ్ ఎస్ఏ 230 చెప్తోంది. ఆ స్టాండర్డ్ తెరిచి మర్యాదగా చూపించండి. మంచి సీనియర్ అయితే మీతోపాటు కూర్చుని చదువుతాడు. మీ ఆఫీసులో అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోతే దగ్గర్లోని ఐసీఏఐ (సీఏల ఇన్‌స్టిట్యూట్) బ్రాంచికి వెళ్లండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, గుంటూరు అన్నిచోట్లా ఉన్నాయి. బ్రాంచిల్లో సికాసా పేరుతో విద్యార్థుల సంఘం ఉంటుంది. వాళ్ల సమావేశంలో ఒక చిన్న టాపిక్ మీద పేపర్ చదవడానికి పేరివ్వండి. ప్రిపేర్ అయ్యేటప్పుడు సెషన్ నడిపే సీఏ గారికి ఫోన్ చేసి సందేహాలు అడగడానికి మీకు సరైన కారణం దొరుకుతుంది.