మంద కంటే ముందు తిన్న కాపరులు

సంఘ కాపరి అంటే ఇప్పుడు ఒక హోదాలా వినిపిస్తుంది. కానీ బైబిల్లో కాపరుల మీద ఒక పాత ఫిర్యాదు ఉంది. అది ఇశ్రాయేలీయులు బలులు అర్పించే షిలోహులో, ఉడుకుతున్న మాంసం కుండ దగ్గర మొదలవుతుంది.

బలి అర్పించినప్పుడు ముందు కొవ్వును దేవునికి దహించాలి, ఆ తర్వాతే యాజకుడి వాటా. ఆ వాటా ఏమిటో కూడా ధర్మశాస్త్రంలో ఉంది. అక్కడి యాజకుడు ఏలీ కొడుకులు, తామూ యాజకులైన హొఫ్నీ, ఫీనెహాసు దాన్ని పక్కన పెట్టేశారు. మాంసం ఉడుకుతుండగానే వాళ్ల మనిషి మూడు ముళ్ల కొంకితో వచ్చి కుండలో గుచ్చేవాడు, కొంకికి ఎంత వస్తే అంత యాజకుడికి. కొన్నిసార్లు కొవ్వు దహించకముందే వచ్చి పచ్చి మాంసం అడిగేవాడు. ముందు కొవ్వు దహించనివ్వమని అర్పించేవాడు అంటే, ఇప్పుడే ఇవ్వు, లేకపోతే బలవంతంగా తీసుకుంటాను అనేవాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కొడుకుల కథ కాదు, తండ్రిది. ఏలీ చెడ్డవాడు కాదు. తర్వాత ప్రవక్త అయిన బాల సమూయేలుకు దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం నేర్పింది ఆయనే. కొడుకుల సంగతి ఆయనకు తెలుసు, మందలించాడు కూడా. కానీ ఆపలేదు. పైగా నైవేద్యాల్లో శ్రేష్ఠమైన భాగంతో మిమ్మల్ని మీరు కొవ్వబెట్టుకున్నారని దేవుని మనిషి నిలదీసినప్పుడు, ఆ 'మీరు'లో ఏలీ కూడా ఉన్నాడు. చివరికి దేవుని సన్నిధికి గుర్తైన పవిత్ర పెట్టె, మందసం, శత్రువుల చేతికి పోయిందన్న కబురు విని పీఠం మీద నుంచి వెనక్కి పడి, మెడ విరిగి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 98. ఆయన బరువైన మనిషి అని లేఖనం అక్కడ చెబుతుంది. ఆ మాట ఊరికే రాలేదనిపిస్తుంది నాకు.

తర్వాత వచ్చిన సమూయేలు, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా చెప్పండి అని జనం ముందు ధైర్యంగా అడగగలిగాడు. అయినా ఆయన కొడుకులు బెయేర్షెబాలో లంచాలు తిన్నారు. నమ్మకత్వం వారసత్వంగా వచ్చేది కాదు.

ఈ ఫిర్యాదు అన్నిటికంటే గట్టిగా వినిపించేది యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 34వ అధ్యాయంలో. అప్పటి రోజుల్లో కాపరి అంటే ముందుగా రాజు. బబులోను రాజు హమ్మురాబి కూడా తనను కాపరి అనే చెప్పుకున్నాడు. క్రీ.పూ. 597లో బందీలుగా చెరకు వెళ్లిన యూదుల మధ్య, బబులోను దేశంలో ఉన్న యెహెజ్కేలుకు క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిందన్న వార్త అందింది. యూదా చివరి రాజు సిద్కియా రాత్రివేళ పట్టణం విడిచి పారిపోయి, యెరికో మైదానంలో దొరికిపోయాడు. కాపరి పారిపోయాడు, మంద మిగిలిపోయింది. ఆ వార్త తర్వాతి అధ్యాయమే ఇది. అందులో కాపరుల మీద మోపిన నేరాలు చూడండి: కొవ్వు తిన్నారు, ఉన్ని కట్టుకున్నారు, జబ్బు చేసినదాన్ని బాగుచేయలేదు, గాయానికి కట్టు కట్టలేదు, తప్పిపోయినదాన్ని వెతకలేదు. తిన్నారన్నది ఎంత నేరమో, చేయాల్సింది చేయకపోవడమూ అంతే నేరం.

యేసు 'జీతగాడు' అన్నప్పుడు ఈ చరిత్ర అంతా వెనక ఉంది. తోడేలు వస్తే జీతగాడు గొర్రెలను వదిలి పారిపోతాడు. ఇక్కడ తప్పు జీతంలో లేదు. సువార్త ప్రకటించేవాళ్లు దానివల్లే జీవించవచ్చని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాశాడు. తోడేలు వచ్చినప్పుడు ఎవరి ప్రాణం ముఖ్యం అన్నదే అసలు ప్రశ్న.

అదే పౌలు తన విషయంలో ఆ హక్కును వాడుకోలేదు. మిలేతు పట్టణానికి ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించి, మూడేళ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పానని గుర్తుచేశాడు. నేను వెళ్లాక తోడేళ్లు వస్తాయి, మందను చూసుకోండి అన్నాడు. ఎవరి వెండినీ బంగారాన్నీ ఆశించలేదు, నా అవసరాలకూ నాతో ఉన్నవాళ్లకూ ఈ చేతులే కష్టపడ్డాయి అన్నాడు. తర్వాత మోకరించి అందరితో కలిసి ప్రార్థన చేశాడు. మళ్లీ ఆయన ముఖం చూడలేమని వాళ్లు ఆయన మెడ పట్టుకుని ఏడ్చారు. ఓడ దాకా వెళ్లి సాగనంపారు.