మునిగింది అంటే పోయినట్టు కాదు: లోతు సముద్రం గురించి అపోహలు - వాస్తవాలు

కార్బన్ క్రెడిట్లు, అంటే గాలిలోంచి ఇంత కార్బన్ తీసేశామని చెప్పి అమ్మే పత్రాలు, కొనబోయేవాళ్లూ, వాటి గురించి రాసేవాళ్లూ, ఈ మధ్య వాటిని అమ్మేవాళ్లూ కూడా నన్ను అడిగేది ఒకటే. మాటలు మారతాయంతే. "కార్బన్‌ని సముద్రం అడుక్కి పంపేస్తే ఇక పీడ వదిలినట్టే కదండీ?" సముద్రంలో పైనుంచి కిందికి రాలిపడేదాన్ని పట్టి, ఎండబెట్టి, తూచడం నా వృత్తి. కాబట్టి ఈ ప్రశ్న ఎలా తిరిగినా నా దగ్గరికే వస్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సముద్రంలో ముంచిన కార్బన్ ఇక శాశ్వతంగా పోయినట్టే.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఇనుము చల్లి ప్లాంక్టన్‌ని (నీళ్లలో తేలుతూ కార్బన్ పట్టే సూక్ష్మజీవుల్ని) పెంచుతామనే పథకాలు, సముద్రపు నాచు పెంచి ముంచేస్తామనేవి, పంట వ్యర్థాలను కట్టలు కట్టి దింపుతామనేవి అన్నీ దీని మీదే నిలబడ్డాయి. డబ్బులు పోయేదీ ఇక్కడే.

రాలిపడేదాన్ని మేం పట్టేది సెడిమెంట్ ట్రాప్‌తో. అంటే మనిషికన్నా ఎత్తుండే గరాటు. దాని అడుగున ఒక చక్రం, చక్రానికి వరసగా సీసాలు. నిర్ణీత రోజులకోసారి మోటారు ఒక్కో సీసాని గరాటు కిందికి తిప్పుతుంది. పడ్డదాన్ని బ్యాక్టీరియా తినెయ్యకుండా సీసాల్లో ముందే ఫార్మాలిన్ కలిపిన ఉప్పునీళ్లు పోసి ఉంచుతాం. ఒకే తాడుకి వేర్వేరు లోతుల్లో ఇలాంటివి కట్టి వదిలేసి, ఏడాదికి మళ్లీ వచ్చి పైకి లాగుతాం. ఆ సీసాలు డెక్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, సగం ఉపన్యాసం చెప్పక్కర్లేదు. పైన ప్లాంక్టన్ విరగబడి పెరిగిన వారాలకి చెందిన సీసాలో, పై ట్రాప్‌లో అయితే, రెండు మూడు వేళ్ల మందాన పచ్చగోధుమ రంగు మడ్డి ఉంటుంది. పైనుంచి రాలే అదే సరుకు మూడు వేల మీటర్ల కింది ట్రాప్‌కి కాస్త ఆలస్యంగా చేరుతుంది. అక్కడి సీసా అడుగున గోరుమందం బూడిదరంగు పొర కనిపిస్తుంది. పైగా పైసీసాల్లో ఉన్నదంతా రాలిన సరుకు కాదు. తిండికోసం ఈదుకుంటూ వచ్చి చచ్చిన కోపెపాడ్‌లు అనే చిన్న రొయ్యజాతి జీవులు కూడా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి వాటిని పట్టకారుతో ఒక్కోటీ ఏరెయ్యాలి. ఏరకపోతే లెక్క తప్పు. కొత్తగా చేరిన విద్యార్థులు ఏడుపుముఖం పెట్టేది ఈ పని దగ్గరే.

మరి మధ్యలో సరుకంతా ఏమైంది? తినేశారు. బ్యాక్టీరియా, చిన్న రొయ్యజాతి జీవులు, జెల్లీలు దారిపొడవునా తిని, ఊపిరి వదిలి, దాన్ని మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా నీళ్లలో కలిపేశాయి. ఈ తరుగుదలకి అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ బృందం 1987లో ఒక సూత్రం ఇచ్చింది. ఇప్పటికీ మేం దాంతోనే మొదలుపెడతాం. వంద మీటర్ల దగ్గర దిగే కార్బన్ నూరు పాళ్లనుకుంటే, వెయ్యి మీటర్లకి చేరేది ఇంచుమించు 14 పాళ్లు. నాలుగు వేల మీటర్లకి నాలుగు పాళ్లు. ప్రాంతాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ, గీత వంపు మాత్రం అదే. చిత్రమేమిటంటే ఇనుము ఎరువేస్తే వాతావరణం చల్లబడుతుందని ప్రపంచానికి ఆశపెట్టినదీ ఆ మార్టినే. తన ఊహకి మొదటి సముద్ర ప్రయోగం 1993లో జరిగేనాటికి ఆయన బతికి లేరు.

అసలు విషయం ఇక్కడుంది. కార్బన్ మళ్లీ గాలిలోకి ఎప్పుడొస్తుందనేది అది మునిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉండదు. ఏ లోతులో కరిగింది, ఏ సముద్రంలో కరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు మూడు వందల మీటర్ల దగ్గర కరిగిపోతే, చలికాలపు గాలులు నీళ్లని కలియబెట్టినప్పుడు కొన్నేళ్లలోనో కొన్ని దశాబ్దాల్లోనో పైకొచ్చేస్తుంది. బాగా లోతుకి పోయి కరిగితే కొన్ని వందల ఏళ్లు. ఉత్తర పసిఫిక్ అడుగు నీళ్లలో అయితే వెయ్యేళ్ల దాకా. అమ్మకపు కాగితాల్లో రాసే "వెయ్యేళ్ల నిల్వ" ఆ చివరి మాట ఒక్కదాన్నే పట్టుకుని రాసింది.

ఒక కంపెనీలో క్రెడిట్లు కొనే విభాగపు కుర్రాడొకడు నాకు అలాంటి కాగితమే చూపించాడు. "సార్, ఒకసారి చూసి చెప్పండి, సంతకాలు అయిపోయాయి" అన్నాడు. సంతకాలయ్యాక చూసి ఏం చెయ్యమంటాడో అర్థం కాలేదు. కాగితంలో లోతు సముద్రం అన్న మాట పేజీకోసారి ఉంది, లోతెంతో ఎక్కడా లేదు. వాళ్లిచ్చిన అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని పటంలో చూస్తే అడుగు ఆరొందల మీటర్లు. వెయ్యేళ్లకి నిల్వ అని డబ్బు కట్టించుకున్నారు, ఆ లోతులో వందేళ్లు నిలిచినా గొప్పే. ఆ అబ్బాయి మొహం చూస్తే జాలేసింది. మంచి చేద్దామనే వచ్చాడు, అడగాల్సిన ప్రశ్నే ఎవరూ చెప్పలేదు.

"మేం దారిలో తినే అవకాశమే ఇవ్వం, బరువు కట్టి నేరుగా అడుక్కి దించుతాం" అంటారు నాచువాళ్లు. నిజమే, కట్ట కట్టి దించితే చేరుతుంది. చేరాకే అసలు కథ. అగాధపు నేలమీద ఒక చదరపు మీటరుకి ఏడాది పొడవునా పైనుంచి పడే తిండి కొన్ని గ్రాముల కార్బన్. అంత ఉపవాసానికి అలవాటు పడ్డ చోట టన్నులకొద్దీ నాచు గుమ్మరిస్తే బ్యాక్టీరియా ఎగబడి ఆక్సిజన్ లాగేస్తుంది. ఆక్సిజన్ అయిపోతే కుళ్లు గుడ్ల వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలవుతుంది. నాచుతోపాటు నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా కిందికి పోతాయి కనుక పైన ప్లాంక్టన్‌కి ఆ మేరకు కోత. ఆ ప్లాంక్టన్ పట్టాల్సిన కార్బన్‌ని నాచు ఖాతాలోంచి తీసెయ్యాలి. తీసేసిన లెక్క నాకింతవరకూ ఏ అమ్మకపు కాగితంలోనూ కనిపించలేదు.

ఇక పరిమాణం. ఏటా వంద కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తియ్యాలనుకుంటే, అందులో ఉండేది 27 కోట్ల టన్నుల కార్బన్. పచ్చి నాచులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మిగిలిన పొడి సరుకులో కార్బన్ మూడోవంతుకి లోపే. అంటే స్థూలంగా 900 కోట్ల టన్నుల పచ్చి నాచు ముంచాలి, అదీ ఏటా. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండిస్తున్న నాచు ఇంచుమించు మూడున్నర కోట్ల టన్నులు.

ఇనుము సంగతి రెండు ముక్కల్లో. 1993 నుంచి డజను ప్రయోగాలు జరిగాయి. చల్లితే ప్లాంక్టన్ పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. కిందికి దిగుతుందా అంటే, 2004లో అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రంలో చేసిన ఐఫెక్స్ ప్రయోగంలో పెరిగినదాంట్లో కనీసం సగం వెయ్యి మీటర్లు దాటి దిగింది. అదే సముద్రంలో 2009లో భారత, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి 300 చదరపు కిలోమీటర్ల మేర చేసిన లోహాఫెక్స్‌లో దాదాపు ఏమీ దిగలేదు. అక్కడి నీళ్లలో సిలికా తక్కువ, అందుకే దాంతో గట్టి పెంకు కట్టుకునే డయాటమ్‌లు అనే ప్లాంక్టన్ పెరగలేదు. పెరిగిన మెత్తటివాటిని కోపెపాడ్‌లు మేసేశాయి. ఒకటి ఫలించింది, ఒకటి ఫలించలేదు, రెంటి నుంచీ నేర్చుకున్నాం. ఇలాంటి చిన్న ప్రయోగాలు ఇంకా జరగాలనే నేనంటాను. కొలవకముందే అమ్మకం మొదలుపెట్టడం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: లోతు సముద్రం అడుగున ఏముంది, చీకటి, బురద తప్ప?

హవాయికీ మెక్సికోకీ నడుమ క్లారియన్-క్లిప్పర్టన్ ప్రాంతం ఉంది, నాలుగు నుంచి ఐదున్నర వేల మీటర్ల లోతు. అక్కడి నమూనాల్లో ఇప్పటిదాకా తేలిన జాతులు ఐదు వేలకు పైనే, వాటిలో పదింట తొమ్మిదింటికి ఇంకా పేరు కూడా లేదు. నేలంతా బంగాళాదుంపలంత లోహపు ముద్దలు, మేం నాడ్యూల్స్ అంటాం. పది లక్షల ఏళ్లకి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. మెత్తటి బురద నడుమ గట్టిగా పట్టుకోడానికి అవే ఆధారం కనుక స్పాంజ్‌లు వాటికి అతుక్కుని కాడలు వేస్తాయి. పెరూ తీరానికి దూరంగా నాలుగు వేల మీటర్లకు దిగువన కనిపించిన ఒక తెల్లటి ఆక్టోపస్ అయితే, చచ్చిపోయిన స్పాంజ్ కాడకి గుడ్లు చుట్టి వాటిని కాచుకుంటూ కూర్చుంటుంది. నాడ్యూల్ తీసేస్తే స్పాంజ్ లేదు, స్పాంజ్ లేకపోతే గుడ్లు పెట్టే చోటు లేదు.

అపోహ: ఆ నాడ్యూల్స్ తవ్వకపోతే ఎలక్ట్రిక్ వాహనాలు ఆగిపోతాయి.

ఆగవు. బ్యాటరీలకని నాడ్యూల్స్‌లోంచి తియ్యాలంటున్న నికెల్, కోబాల్ట్ రెండూ లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలే ఇప్పుడు వాహనాల బ్యాటరీ మార్కెట్లో దాదాపు సగం. లోహాలు అక్కర్లేదని నేననను. ఈ తవ్వకం లేకపోతే లోకం మునిగిపోతుందన్న తొందర అబద్ధం అంటున్నాను. "మళ్లీ కోలుకుంటుందిలే" అనేవాళ్లకి: 1989లో పెరూ బేసిన్‌లో నేలమీద నాగలిలాంటిది లాగి వదిలేశారు, డిస్కోల్ అని ఆ ప్రయోగానికి పేరు. 26 ఏళ్ల తర్వాత 2015లో వెళ్లి చూస్తే చాళ్లు నిన్న దున్నినట్టే ఉన్నాయి. నేలలో బ్యాక్టీరియా కూడా పూర్తిగా తేరుకోలేదు.

అపోహ: అడుగు కదిపితే సునామీలు, మీథేన్ బాంబు, ఊపిరాడకపోవడం.

వీడియోలు చూసి భయపడి రాసేవాళ్ల మీద నాకు కోపం రాదు, ఆ వీడియోలు చేసేవాళ్ల మీద వస్తుంది. ఒకావిడ రాత్రి పొద్దుపోయాక మెసేజ్ పెట్టారు: "మా అమ్మాయి నిద్రపోవడం లేదండీ, సముద్రం ఆక్సిజన్ ఆగిపోతుందంటోంది." అమ్మా, ఆగదు. నాడ్యూల్స్ చీకట్లో ఆక్సిజన్ పుట్టిస్తున్నాయని 2024లో ఒక పరిశోధన వచ్చిన మాట నిజం. దానిమీద తోటి శాస్త్రవేత్తల అభ్యంతరాలు గట్టిగానే ఉన్నాయి. అది నిజమని తేలినా మనం పీల్చే గాలికి దాంతో సంబంధం లేదు. అగాధపు మైదానం మీద పై పది పదిహేను సెంటీమీటర్లు గీకితే సునామీ రాదు. లోతు నీళ్లలో బయటపడ్డ మీథేన్‌లో ఎక్కువ భాగం పైకి చేరేలోపే బ్యాక్టీరియాకి ఆహారమైపోతుంది. అగాధపు బురదలో కార్బన్ కూడా తక్కువే, "తవ్వితే వాతావరణం ఇంకా వేడెక్కుతుంది" అన్న వాదనకి అక్కడ పెద్ద బలం లేదు. సముద్రాన్ని కాపాడాలనే మనవైపు వాళ్లే వాడుతున్నా సరే, బలం లేని వాదన బలం లేనిదే.

అపోహ: సముద్రగర్భంలో కార్బన్ డయాక్సైడ్ నిల్వ అంటే అన్నీ ఒకటే.

కావు. నార్వే దగ్గర స్లీప్నర్‌లో 1996 నుంచి చేస్తున్నది సముద్రపు నేలకి ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు కింద, రాతిపొరల్లోకి ఎక్కించడం. నేరుగా లోతు నీళ్లలోకి వదలడం వేరే సంగతి. చిన్న పరీక్షల్లోనే, గ్యాస్ కరిగి ఆమ్లంగా మారిన నీరు తగిలిన అడుగు జీవులు చచ్చాయి. సముద్రంలో వ్యర్థాలు పారెయ్యడాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం, లండన్ ప్రోటోకాల్, 2006లో అనుమతించింది మొదటిదాన్నే.

అపోహ: లోతు సముద్రాన్ని కాపాడమనేవాళ్లు వాతావరణ చర్యలకి అడ్డం.

మన ఉద్గారాల వల్ల అదనంగా పుట్టిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. 1960 తర్వాత యాభై ఏళ్లలో సముద్రంలోని మొత్తం ఆక్సిజన్ రెండు శాతం తగ్గింది. ఉద్గారాలు తగ్గకపోతే మొదట దెబ్బతినేది నేను కొలిచే నీళ్లే. నేనెందుకు అడ్డుపడతాను?

అపోహ: నడిసముద్రం ఎవరిదీ కాదు, అడిగేవాడు లేడు.

ఉన్నాడు, కాస్త నెమ్మదిగా నడుస్తాడు. 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం దేశాల హద్దులు దాటిన సముద్రపు నేల మానవాళి ఉమ్మడి ఆస్తి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న అంతర్జాతీయ సీబెడ్ అథారిటీ దాన్ని చూసుకుంటుంది. వెతకడానికి ఒప్పందాలిచ్చింది, వాణిజ్య తవ్వకానికి నియమాల మీద మాత్రం ఏళ్ల తరబడి వాదన నడుస్తూనే ఉంది. అమెరికా ఆ చట్టంలో చేరలేదు, తలనొప్పి అక్కడొకటి. ఇనుము చల్లడం లాంటివాటిని కట్టడి చేసే లండన్ ప్రోటోకాల్ సవరణ 2013లో ఆమోదం పొందింది, చాలినన్ని దేశాలు సంతకం పెట్టక అమల్లోకి రాలేదు. కొత్తగా వచ్చింది నడిసముద్రాల ఒప్పందం: 2023 జూన్‌లో ఆమోదించారు, 2026 జనవరి 17 నుంచి అమల్లో ఉంది. అందులో చేరిన దేశాలు నడిసముద్రంలో హాని చేయగల పనులకి ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా వేసి, దాన్ని అందరి ముందూ పెట్టాలి. కాబట్టి ఎవరైనా ముంచుడు పథకం పట్టుకుని మీ దగ్గరికొస్తే ముందు ఆ అంచనా కాగితం అడగండి. ఏ లోతులో దించుతారు, దించాక అడుగుకి వెళ్లి ఎన్నేళ్లు చూస్తారు, ఏమీ దించని పక్కచోటుని పోలికకి కొలుస్తున్నారా లేదా అన్నది అందులో ఉండాలి.