కోడి మనది, కూత వీధిది

నా బంగారు కొండలకు,

మల్కాజిగిరి నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. అర్థమైనంత వరకు చెబుతాను, సరిచూసుకోండి. బోడుప్పల్‌లో మీ కొత్తింటి వెనక ఖాళీ జాగా ఉంది. అందులో మీకు మూడు కోళ్లు, ఒక తేనె పెట్టె కావాలి. మీ నాన్నను నేను ఒప్పించాలి. కోళ్ల విషయంలో తప్పకుండా ఒప్పిస్తాను. తేనె పెట్టె విషయంలో మాత్రం మాటివ్వలేను. ఎందుకో ఫోన్‌లో చెబితే మధ్యలోనే పరిగెత్తిపోతారు కాబట్టి రాస్తున్నాను.

కోడిపిల్లల్ని కొనకముందే, గూడు కట్టించకముందే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మను వెంటబెట్టుకుని మీ ఇంటికి అటూ ఇటూ, ముందూ వెనకా ఉన్న నాలుగిళ్లకూ వెళ్లండి. "ఆంటీ, మేం మూడు పెట్టల్ని పెంచుకుందామనుకుంటున్నాం, పుంజు ఉండదు, మీకేమైనా ఇబ్బందా?" అని అడగండి. అడిగాక వాళ్లు చెప్పేదంతా వినండి. ఎవరింట్లో పసిపాప ఉందో, ఎవరికి ఆయాసం ఉందో, ఎవరు నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారో, ఎవరి కుక్క గోడ దూకుతుందో అప్పుడే మీకు తెలుస్తుంది. కోళ్లను పెంచినన్నాళ్లూ ఈ నాలుగిళ్లనూ గుర్తు పెట్టుకునే పెంచాలి.

ఇరవై ఏళ్ల కిందట నేను ఎవరినీ అడగలేదు. నా ఇల్లు, నా రెండొందల గజాలు, నా పెరడు అనుకున్నాను. అప్పుడు నాకో పుంజు ఉండేది. మెడ ఎర్రగా, తోక నల్లగా, ఎండలో ఆకుపచ్చ మెరుపుతో ఎంత అందంగా ఉండేదో! తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలుపెట్టేది. ఎదురింటి ఖాలా కోడలికి అప్పుడే కాన్పయింది. ఆ ఇంటివాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నెల తర్వాత పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే, ఆ అమ్మాయి గేటు దగ్గర బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. "మీ పుంజు కూయగానే లేస్తాడు ఆంటీ, మళ్లీ పడుకోడు" అంది, నవ్వుతూనే. ఆ నవ్వు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. ఆ వారమే పుంజును ఘట్‌కేసర్ దగ్గర తెలిసినవాళ్ల తోటకు పంపేశాను.

పుంజుది తప్పు కాదు. వెలుగు చూసి కూస్తుందని మనం అనుకుంటాం గానీ దాని ఒంట్లోనే గడియారం ఉంటుంది. జపాన్‌లో నాగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని రాత్రీ పగలూ తేడా లేని మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా తెల్లారే వేళ అయ్యేసరికి అవి కూశాయని 2013లో ప్రకటించారు. కాబట్టి గూడు చీకటి చేస్తే ఆగుతుందిలే అనుకోవద్దు.

గుడ్ల కోసం పుంజు అక్కర్లేదు. ఈ మాట చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కాకపోతే ఆ గుడ్డు పిల్ల కాదు. ఒక గుడ్డు తయారు కావడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. అందుకే పెట్ట రోజూ కాస్త ఆలస్యంగా పెడుతూ పెడుతూ ఒక రోజు మానేస్తుంది. అప్పుడు దాన్ని విసుక్కోకండి. పెట్టాక కాసేపు కొక్కొక్కొమని గోల చేస్తుంది. ఆ గోల పగటిపూటే కాబట్టి వీధి ఓర్చుకుంటుంది. నైట్ డ్యూటీ చేసేవాళ్ల కిటికీ పక్కన మాత్రం గూడు పెట్టకండి.

ఏ కోడి కొనాలంటే, మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేశారు. వనరాజా ఒళ్లు చేస్తుంది, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడుతుంది. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లే పెడుతుంది గానీ శ్రద్ధగా పొదుగుతుంది. మీకు గ్రామప్రియ చాలు. పిల్లల్ని తెచ్చాక మొదటి గుడ్డు కోసం ఐదారు నెలలు ఓపిక పట్టాలి. రోడ్డు పక్కన బుట్టల్లో గులాబి, ఆకుపచ్చ రంగులు పూసిన పిల్లల్ని అమ్ముతుంటారే, వాటిని మాత్రం కొనకండి. ఎక్కువగా అవి హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. తల్లి వెచ్చదనం లేక వారంలోనే చాలావరకు చచ్చిపోతాయి. బతికినది పుంజు అవుతుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది.

కోళ్లంటే ఇరుగుపొరుగు భయపడేది వాసనకు. నిజానికి పొడి రెట్ట అంతగా వాసన రాదు, తడిసిన రెట్టే కంపు కొడుతుంది. గూడు నేల మీద నాలుగు వేళ్ల మందాన ఊక పరచండి. రోజూ పొద్దున ఒకసారి కదపండి. గుప్పెడు ఊక తీసి పిడికిలి బిగించి వదలండి. పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు, ముద్దగా ఉండిపోతే తడి ఎక్కినట్టు. అంటే నీళ్ల గిన్నె దగ్గర ఒలుకుతోందో, వాన జల్లు కొడుతోందో చూసుకోవాలి. తడి ఊకలో కోడిపిల్లలకు రక్త విరేచనాలు కూడా పట్టుకుంటాయి. తీసేసిన ఊకను ఒక మూల కుప్పపోసి, ఎండుటాకులు కలిపి మాగనిస్తే మంచి ఎరువు. పచ్చి రెట్టను మొక్కలకు నేరుగా వేయకండి, మాడిపోతాయి.

వాసన కన్నా పెద్ద తగాదా ఎలుకలతో వస్తుంది. ఒక కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. మీరు ముద్దు చేసి అంతకు మించి వేస్తారు. మిగిలిన నూకల కోసం పందికొక్కులు వస్తాయి, అవి మీ గోడ కిందే కాదు, పక్కింటి పునాది కింద కూడా తవ్వుతాయి. ఎలుకల వెనక పాము వస్తుంది. అందుకని సందెవేళకు మేత గిన్నె తీసేసి, మిగిలింది మూత ఉన్న డబ్బాలో పోయాలి. గూడు చుట్టూ సన్న కన్నాల ఇనుప జాలీ కొట్టించి, ఒక అడుగు భూమిలోకి పాతించమని నాన్నకు చెప్పండి. ముంగిస కిందనుంచే వస్తుంది.

కొక్కెర తెగులుకు, అదే కోళ్లకు వచ్చే రాణిఖేత్ జబ్బుకు, టీకా తప్పదు. మొదటి వారంలోనే కంట్లో చుక్క వేస్తారు. ఆ తర్వాత ఎప్పుడెప్పుడు వేయించాలో పశువైద్యశాలలో అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. కోళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు. ఉన్నట్టుండి కోళ్లు చచ్చిపోతే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 దాటుతుంది కదా, కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంది. నీడ, చల్లటి నీళ్లు, గూడు మీద తడిపిన గోనెపట్టా ఉండాలి.

ఇక తేనెటీగల సంగతి.

నేను మూడేళ్లు తేనె పెట్టె పెంచాను. చెట్ల తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన దేశవాళీ ఈగలు అవి, పుట్టతేనె ఈగలంటారు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని పెట్టె పక్కన కూర్చుంటే, కాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు అంటించుకుని ఒక్కొక్కటీ దిగుతుండేవి. మార్చిలో, ఉగాది ముందు, వేప పూత మీద వాటి రొద వింటే చెట్టే పాడుతున్నట్టుండేది. అంత ఇష్టంగా పెంచాను.

ఒక రోజు పక్కింటి తాతయ్య తన తెల్ల పంచె తీసుకొచ్చి చూపించాడు. దాని నిండా ఆవగింజంత పసుపు చుక్కలు. మళ్లీ ఉతికించాడు, మళ్లీ పడ్డాయి. నాకూ మొదట అర్థం కాలేదు. మర్నాడు పొద్దున పెట్టె దగ్గర నిలబడి ఈగలు పోయే దారి చూశాను. ద్వారం లోంచి నేరుగా, గోడకు కాస్త ఎత్తున, ఆయన బట్టల తీగ మీదుగా పోతున్నాయి. తేనెటీగలు గూట్లో మలవిసర్జన చేయవు. అంత శుభ్రం. బయటికి ఎగరగానే గాల్లోనే వదిలేస్తాయి. వాటి శుభ్రం వల్ల తాతయ్య పంచె పాడైంది!

పెట్టె జరుపుదామంటే అంత తేలిక కాదు. నాలుగు గజాలు జరిపినా ఈగలు పాత చోటికే వచ్చి వెతుక్కుంటాయి. ఒకటి రెండడుగుల చొప్పున జరపాలి, లేదంటే ఊరవతలికి తీసుకుపోవాలి. అందుకని ద్వారానికి ఎదురుగా ఆరడుగుల తడిక కట్టించాను. అడ్డం ఉంటే అవి నిటారుగా పైకి లేచి, మనుషుల తలల మీదుగా, బట్టల మీదుగా పోతాయి. చుక్కలు తగ్గాయి. తాతయ్యకు కొత్త పంచె కొనిచ్చాను.

మూడో ఏడు మాత్రం తడికలు పనిచేయని కష్టమొచ్చింది. వెనకింటి చిన్నవాడికి మోచేతి మీద ఒకే ఒక్క ఈగ కుట్టింది. పావుగంటలో పెదాలు వాచి, ఊపిరి ఆడక ఈల వేసినట్టు శబ్దం. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు, నేనూ వెళ్లాను. ఇంజెక్షన్ పడ్డాక తేరుకున్నాడు. పెట్టె తెచ్చే ముందు ఆ ఇంటికి వెళ్లి "ఎవరికైనా ఎలర్జీ ఉందా" అని అడిగే ఉన్నాను. లేదన్నారు. వాళ్లకే తెలియదు పాపం, వాడికి అలా అవుతుందని! ఆ రాత్రే, ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం మూసి, పెట్టెను తోటకు పంపించాను. వాళ్లు పంపమనలేదు. నాకే నిద్ర పట్టలేదు.

కోడిని గోడ దాటకుండా ఆపగలం. ఈగ పూల కోసం కిలోమీటరు దాకా పోతుంది, ఎవరింటి కూలర్‌లో నీళ్లు తాగుతుందో, ఎవరి చేతి కింద నలుగుతుందో మన చేతిలో లేదు. ఇళ్లు ఇంత దగ్గరగా ఉన్న మీ వీధిలో నేను పెట్టెకు సరేననకపోవడానికి కారణం ఇదే.

పెట్టె లేకపోయినా ఈగలు మీ దగ్గరికి వస్తాయి. మునగ చెట్టు నాటండి, తులసిని పూయనివ్వండి, కుండీలో ధనియాలు చల్లి కొత్తిమీర కోయకుండా పూతకు వదలండి. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు వేసి, అవి మునగకుండా నీళ్లు పోసి పెట్టండి. ఈగలు రాయి మీద నిలబడి తాగుతాయి, పక్కింటి కూలర్ దాకా పోవు. ఎండాకాలం నడుమ మొదలుపెడితే అప్పటికే వేరే చోటికి అలవాటు పడి ఉంటాయి, అందుకని ఫిబ్రవరిలోనే పెట్టండి.

మీ పాత అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు వేలాడేది కదా, అది కొండ తేనెటీగలది. వాటిని పెట్టెలో ఎవరూ పెంచలేరు. అవి పూలు ఉన్నన్నాళ్లు ఉండి, అయిపోగానే తమంతట తామే లేచిపోతాయి. కందిరీగ దగ్గరికొస్తే పట్టు మీది ఈగలన్నీ వరసగా ఒళ్లు పైకెత్తుతాయి, నల్లటి తెర మీద అల పాకినట్టు కనబడుతుంది. దూరం నుంచి, కిటికీ అద్దం వెనక నుంచి చూడండి. రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గరికి వస్తే లైటు ఆర్పేస్తే చాలు. ఎవరైనా పొగబెడదాం, మందు కొడదాం అంటే పెద్దవాళ్లకు చెప్పి ఆపించండి. నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో పట్టపగలు కాగడా పెట్టించారు. ఆ పట్టు జోలికే పోని వాచ్‌మన్ కింద గేటు దగ్గర కూర్చుని ముప్పై కాట్లు తిన్నాడు. పిల్లలు ఆడుకునే చోట పట్టు ఉంటే పని తెలిసినవాళ్లను పిలిచి, చీకటి పడ్డాక తీయించాలి.

ఈగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోయి విషం దించుతూనే ఉంటుంది. ఎలా తీశామని కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం, గోరుతో గీరేయండి. ఆ ముల్లు నుంచి మగ్గిన అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకు పిలుపు. కాబట్టి అక్కడే నిలబడి చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని తిన్నగా ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకోవాలి. ఊపిరి అందకపోయినా, పెదాలు వాచినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఒక్కటి మర్చిపోయాను. గుడ్లు వచ్చాక ఇరుగుపొరుగుకు పంచాలని మీకు ఉబలాటంగా ఉంటుంది. గుడ్డు తినని ఇంటికి గుడ్డు పట్టుకెళ్లకండి. మీ వెనకింటి వాళ్లు జైనులని అమ్మ చెప్పింది, వాళ్లకు తేనె కూడా పనికిరాదు, మునక్కాయలివ్వండి. తేనె ఎవరికిచ్చినా ఏడాది నిండని బిడ్డకు నాకించవద్దని చెప్పాలి. పుట్టగానే నాలుక మీద తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది గానీ, అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి పసి పేగుల్లో విషం పుట్టించగలదు.

దసరా సెలవులకు వస్తాను. నాలుగిళ్ల వాళ్లూ ఏమన్నారో నోటుబుక్కులో రాసి ఉంచండి, ఎవరైనా వద్దంటే ఆ మాట కూడా అలాగే రాయండి. ఊక బస్తా, పాత గంప నేను తెస్తాను.

మీ
అమ్మమ్మ