కప్పులో నీలం

మేముండేది బెంగళూరు జక్కూరులో. చిన్న విమానాలు మా డాబా మీదుగానే తిరుగుతుంటాయి. హిందూపురం నుంచి వచ్చి పైలట్ శిక్షణలో చేరిన మా మేనల్లుడు ఓ ఆదివారం చిన్న ప్లాస్టిక్ కప్పులో కుళాయి నీళ్లు పట్టి, ఆకాశానికి ఎదురుగా ఎత్తి చూపించాడు.

"ఏ రంగు మామయ్యా?"

నీలమే అన్నాను. అదే కప్పును సున్నం వేసిన పిట్టగోడ ముందు పెట్టాడు. రంగే లేదు, ఉత్త నీళ్లు.

ఆ తేడా ఎందుకు ముఖ్యమో అప్పుడు చెప్పాడు. చిన్న విమానాల పిస్టన్ ఇంజిన్లకు పోసేది ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలు. ఎక్కువగా వాడే రకంలో గుర్తు కోసం నీలం రంగు కలుపుతారు. లీటరు నీళ్లు కిలో తూగితే, ఇది సుమారు 720 గ్రాములే. ట్యాంకులోకి నీళ్లు చేరాయంటే అడుక్కి దిగి కూర్చుంటాయి. మూత రబ్బరు అరిగితే వాన లోపలికి దిగుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలో తేమ గోడలకు పట్టి కారుతుంది.

అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగునుంచి కాస్త ఇంధనం కప్పులోకి దించి చూస్తారు. సెస్నా 172 అనే చిన్న విమానం కొత్త రకాల్లో ఇలా దించే చోట్లు 13: ఒక్కో రెక్క కింద ఐదు, పొట్ట కింద మూడు. కప్పు అడుగున నీటి బుడగలుంటే కనిపెట్టడం తేలికే. కప్పంతా నీళ్లే అయితేనే ప్రమాదం. రెండు పొరలుండవు, పైగా ఆకాశం నీలం అందులో మెరుస్తుంది. తెల్లటి రెక్క ముందు పెట్టి చూడమనేది అందుకే.

నేల మీద ఇంజిన్ బాగానే తిరగొచ్చు. గొట్టాల్లో మంచి పెట్రోలు మిగిలి ఉంటుంది కదా! ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు నీళ్లు కదిలి గొట్టంలోకి దిగితే, చాలినంత ఎత్తు లేని ఆ క్షణంలోనే ఇంజిన్ ఆగుతుంది. ఇంజిన్ ఆగితే, గాలి వీయనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఆ సెస్నా జారుతూ పోగలిగేది రెండున్నర కిలోమీటర్లకు కాస్త పైన. జక్కూరు చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. ఆ లెక్క వేసుకుంటే నాకు టెన్షన్ పట్టుకుంది.

నీళ్ల కంటే మాయదారి కల్తీ ఇంకోటుంది: కిరోసిన్ జాతికి చెందిన జెట్ ఇంధనం. ఏవ్‌గ్యాస్‌లో కలిస్తే విడిపోదు, నీలం పలచబడుతుందంతే. పిస్టన్ ఇంజిన్‌లో అది అదుపు తప్పి పేలుతూ మండుతుంది. అనుమానమొస్తే తెల్లకాగితం మీద ఓ చుక్క వేయాలి. ఏవ్‌గ్యాస్ ఆవిరైపోతుంది, కిరోసిన్ నూనె మరక మిగులుస్తుంది.

అమెరికా పైలట్ బాబ్ హూవర్ విమానంలో ఓసారి పొరపాటున జెట్ ఇంధనం పోశారు. ఎగరగానే రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. ఆయన ఎలాగో దించి అందరినీ బతికించాడు. ఇంధనం పోసిన కుర్రాణ్ని తిట్టలేదు, తన మరో విమానానికీ అతన్నే పొయ్యమన్నాడు. పెట్రోలు ట్యాంకు మూతిలో దూరకుండా జెట్ ఇంధనానికి వెడల్పు ముక్కు గొట్టం తర్వాత వచ్చింది. దాన్ని ఇప్పటికీ హూవర్ నాజిల్ అనే పిలుస్తారు.